మూడో ముడి

మా ఆయన కోటు మీద దావా వేసే వీలుంటే ఈపాటికి వేసి ఉండేదాన్ని. ఆయన ఆదోని కోర్టులో ప్లీడరు, పేరు లక్ష్మప్ప. ఉన్నది ఒకే ఒక నల్ల డ్రిల్లు కోటు. దాని కుడి జేబులోకి పోయినది ఏదీ తిరిగి రాదు. పొడుం డబ్బా పోయింది. మా పెద్దాడి జాతకం పోయింది. పోయిన ప్రతిదానికీ ఆయన ఇంట్లోనే ఒక ముద్దాయిని చూపిస్తారు, ఆ ముద్దాయి సాధారణంగా నేను. పోన్లే పాపమని వేసవి సెలవుల్లో కూర్చుని ఆ జేబు చిరుగు కుట్టి, పాత అస్తరు మీద కొత్త అస్తరు వేసి, కోటుకు మళ్ళీ ప్రాణం పోశాను. కృతజ్ఞత సంగతి దేవుడెరుగు, కోర్టు తెరిచిన దగ్గర్నుంచీ ఒకటే సణుగుడు.

“ఏమే ఉరుకుందా, నడుస్తుంటే కోటు కరకరమంటోంది. సాక్షి నా ప్రశ్న వినడం మానేసి కోటు వైపు చూస్తున్నాడు.”

“కొత్త గుడ్డ. నాలుగు నాళ్ళకు మెత్తబడుతుంది.”

“నెలన్నర అయింది.”

“మీ ప్రశ్నల కంటే అదే గట్టిగా ఉందన్నమాట.”

జడ్జి ముందు నిలబడడం ఆయన పని. ఆయన క్లయింటు నిజంగా ఏం చేశాడో, ఏ గంటకు చేశాడో, ఎవరు చూశారో కనుక్కుని రావడం ఏడేళ్ళుగా నా పని. ఊళ్ళో వాళ్ళు ఎదురుగా ‘ప్లీడరమ్మ’ అంటారు, వెనకాల ‘డిటెక్టివమ్మ’ అంటారు. రెండోది అన్నప్పుడు నవ్వుతారు, కానీ పని పడితే నా దగ్గరికే వస్తారు.

ఆ మంగళవారం పొద్దున ఎనిమిదింటికి అలా వచ్చినది గోనెగండ్ల వీరమ్మ, లాకప్పులో ఉన్న యేసేపు భార్య. లోపలికి రమ్మన్నా రాలేదు, అరుగు మీదే కూర్చుంది.

“సాయంత్రం నాలుగున్నర రైలుకు మా యేసేపును గుంతకల్లు తీస్కపోతారంటమ్మా. ఆడి నుంచి నేవీ వాళ్ళకు ఇచ్చేస్తారంట. ఆ రైలెక్కితే మల్ల మా మనిషి నాకు దొరకడు.”

“నాలుగున్నర లోపల వస్తాను వీరమ్మా.”

“మీరు రాకుంటే నేను ఈడ్నే ఉంటా. మీరు వచ్చినా ఈడ్నే ఉంటా.”

కేసు ఇదీ. నౌకాదళానికి పది గస్తీ పడవలు కావాలి. సర్కారు యార్డుకు ఇవ్వాలా, ప్రైవేటు యార్డుకు ఇవ్వాలా అన్నది ఢిల్లీలో తేలలేదు. చెరొక పడవ కట్టండి, పక్కపక్కన పెట్టి చూస్తాం అన్నారు. ప్రైవేటు వాళ్ళు పదకొండు నెలల్లో కట్టేశారు. సర్కారు వాళ్ళకు పందొమ్మిది పట్టింది. పడవల మీద కప్పే కాన్వాసు మాత్రం ఇద్దరికీ ఒక చోటు నుంచే వెళ్ళింది. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసి, అదే ఊరి బయట తడుపుడు షెడ్డులో నూనె, మైనం పట్టించిన రెండు బేళ్ళు, ఒకే రోజు, ఒకే లారీలో. జూలైలో పరీక్ష. మూడు గంటల వాన. ప్రైవేటు పడవ ఇంజను గది పొడిగా ఉంది. సర్కారు పడవ ఇంజను గదిలో మోకాటిలోతు నీళ్ళు.

కారినది కాన్వాసు. దాంతో ఇన్‌స్పెక్టర్ బసవనగౌడ జీపేసుకుని ఎమ్మిగనూరు వెళ్ళి, బేళ్ళు లారీ ఎక్కడానికి ముందు రోజు, అంటే ఉగాది మరునాడు, షెడ్డులో ఒంటరిగా ఉన్న పనివాడు ఎవరని అడిగి, యేసేపు అని తెలుసుకుని, పట్టుకొచ్చాడు. ప్రైవేటు యార్డు వాళ్ళ దగ్గర లంచం తిని సర్కారు బేలును కావాలని చెడగొట్టాడని అభియోగం. నిన్న లాకప్పులో నేను గంటసేపు అడిగితే యేసేపు చెప్పింది రెండు ముక్కలు. “నేను సెడగొట్టలేదమ్మా. పెద్దయ్యన్నను అడగండి.”

తొమ్మిదీ పది ఎమ్మిగనూరు బస్సు తొమ్మిదీ నలభైకి బయల్దేరింది. దారిలో ఒకచోట డ్రైవరు దిగి ఉగ్గాని తిన్నాడు. పదీ పదిహేనుకు దిగాల్సినదాన్ని, పదకొండుకు ఐదు నిమిషాలుండగా దిగాను.

షెడ్డులో ఇనప గంగాళం ఒకటి, దాని కింద పొయ్యి, పైన దూలానికి కప్పీలు. తడుపుడు మేస్త్రీ పెద్దయ్య నన్ను చూడగానే కింద పరిచిన గోనె దులిపి వేశాడు. యాభై దాటిన మనిషి. ఎడమ కనుబొమ్మ మీద మానిన గాటు ఉంది.

“పని ఎట్లా చేస్తారో చెప్పు పెద్దయ్యా. మొదట్నుంచీ.”

“ఏముండాది తల్లీ. నూనె, మైనం కాంచుతాం. గుడ్డ ముంచుతాం, ఎత్తుతాం, ఒక దినమంతా ఆరబెడతాం. అట్ల మూడు తూర్లు. సదువు రానోళ్ళం, లెక్క తప్పకుండా కొసన పోగులకు ముడేస్తాం. ముడి ముందు, ముంపు తర్వాత. మూడు ముళ్ళుంటే మూడు ముంపులైనట్ల.”

“ఈ రెండు బేళ్ళకూ?”

“మూడు తూర్లు ముంచినా. యాడైనా సెప్తా.”

“కనుబొమ్మ మీద ఆ గాటేమిటి?”

“కప్పీ తగిలినాది.”

ప్రతి బేలుకూ రెండు కొసలా ముళ్ళుంటాయి. ఒక కొస చెయ్యెడు కత్తిరించి ఆనవాలుగా షెడ్డులో మేకుకు తగిలిస్తారు. సర్కారు బేలు ముక్క ఎర్ర దారంతో, ప్రైవేటు బేలు ముక్క నల్ల దారంతో పక్కపక్కనే వేలాడుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ వాటిని ముట్టుకోలేదని మీది దుమ్మే చెబుతోంది.

సర్కారు ముక్క తీశాను. మొదటి ముడి రాయిలా ఉంది. నూనె, మైనం దానిలోకి దిగి గడ్డకట్టాయి. రెండోదీ గట్టిదే. మూడో ముడిని గోటితో కదిపాను. ఊడింది. లోపల పోగులు తెల్లగా, మెత్తగా, నిన్న నేసినట్టున్నాయి.

ముడి ముందు, ముంపు తర్వాత. ఈ మూడో ముడి నూనె మొహం చూడలేదు. అంటే మూడో ముంపు జరగలేదు.

ఇంతవరకూ నేను అనుకున్నదే. ఎవడో సర్కారు బేలును మాత్రం మూడో ముంపు నుంచి తప్పించాడు. ఆ ఎవడో యేసేపు కాదు, పెద్దయ్య. నా లెక్క అది. ధీమాగా ప్రైవేటు ముక్క తీసి మూడో ముడిని కదిపాను.

అదీ ఊడింది.

ఒళ్ళు మండింది. రెండు బేళ్ళూ ఒకేలా చెడితే ఇంక కుట్ర ఎక్కడిది? ఒక పడవ ఎందుకు కారింది, రెండోది ఎందుకు కారలేదు? మూడు రోజులుగా కట్టుకున్న లెక్క ఒక్క గోటిపోటుతో విడిపోయింది.

“పెద్దయ్యా, ఇటు చూడు. ఉగాది మరునాడు ఇక్కడ యేసేపు ఒక్కడే ఉన్నాడని గౌడగారికి ఎవరో చెప్పారు, నువ్వేమో ఆ రోజు నువ్వే ఈ షెడ్డులో ఉండి మూడో ముంపు వేశానంటావు. అంతేనా?”

“అంతే తల్లీ.”

“నీ సొంతూరు కైరుప్పల కదూ.”

“ఔ.”

“అయితే ఆ రోజు కైరుప్పల జాతరలో ఊరు రెండు పక్షాలై పిడకలు విసురుకునేటప్పుడు నువ్వు లేవన్నమాట. మీ పక్షం వాళ్ళు దెబ్బలు తింటుంటే నువ్వు ఇక్కడ నూనె కలుపుతున్నావు. సరే, రాసుకుంటాను. కేసు తేలాక మీ ఊరి పెద్దలకు కూడా చెబుతాను, పెద్దయ్య ఆ రోజు రాలేదని.”

పెద్దయ్య మొహం నల్లబడింది.

“ఎవురు రాలేదు? నేనా? నాకు తెలివొచ్చిన కాడ్నుంచి ఒక్క ఏడన్నా తప్పినానా? ఈ తూరి మా పక్షంలో ముందర నిలబడినోడు ఎవురో పోయి అడుగుపో! ఇదిగో, ఈ దెబ్బ యాడ తగిలిందనుకున్యావు? సామి విబూది పెట్టుకుంటే మూడు దినాల్లో మానె!”

“కప్పీ అన్నావు?”

మనిషి అక్కడే కూలబడ్డాడు.

తర్వాత అంతా తేలిగ్గానే వచ్చింది. ఉగాది సాయంత్రం అలవాటు కొద్దీ మర్నాటి ముంపు కోసం రెండు బేళ్ళకూ మూడో ముడి వేశాడు. పొద్దున నలుగురు పనివాళ్ళతో కైరుప్పల వెళ్ళిపోయాడు. మిగిలినది యేసేపు ఒక్కడే. తడిసిన కాన్వాసు ఎత్తడానికి నలుగురు కావాలి, ఒక్కడు ఏం చేస్తాడు? రాత్రికి తిరిగొచ్చి మర్నాడు ముంచుదామనుకున్నారు. తెల్లారి ఆరింటికే లారీ వచ్చి నిలబడింది.

“ముడి ఇప్పి పంపాల్సింది పెద్దయ్యా. రెండే ముంపులని తెలిసేది.”

“ఏసిన ముడి ఇప్పుతారా తల్లీ ఎవురన్నా? మా తాత కాలం నుంచి ఇప్పింది లేదు. యేసేపుతో నేనే సెప్పినా, మాట్లాడొద్దప్పా అని. నా కోసం నోరు మూసుకున్యాడు.”

పదకొండూ నలభై. జీపు చప్పుడు.

ఇన్‌స్పెక్టర్ బసవనగౌడ దిగాడు, చంకలో తగరపు పెట్టె.

“ఏమ్మా ఉరుకుందమ్మగారూ, వంట అయిపోయిందా?”

“పొద్దున్నే అయింది గౌడగారూ. మీ దర్యాప్తులాగా సగం ఉడికినది పెట్టి రాలేదు.”

పెద్దయ్య చెప్పినది విన్నాడు. రెండు ముక్కల మూడో ముళ్ళూ చూశాడు. నాకు తెలుసు, ఈ మనిషి మొహంలో ఏమీ కనపడదు. నెమ్మదిగా పెట్టె తెరిచి, పడవల మీది కవర్ల నుంచి కోసి పంపిన రెండు మూలలు బయటకు తీశాడు.

“ఇది సర్కారు పడవది. మూడో ముడి మెత్తగుండాది. ఇది ప్రైవేటు పడవది. పట్టుకోండి.”

పట్టుకున్నాను. ప్రైవేటు మూల మీది మూడో ముడి రాయి. గోరు విరిగింది గానీ ముడి కదల్లేదు.

“షెడ్డులో మెత్తగా ఉన్న ముడి యార్డులో గట్టిపడింది,” అన్నాను. “అంటే వాళ్ళు అక్కడ తామే ఇంకో ముంపు వేసుకున్నారు.”

“కదా! వేసుకున్నామని యాడన్నా రాసినారా? రాయలేదు. ఎందుకు వేసినారు? రెండే ముంపులని తెలిసింది కాబట్టి. ఎవరు చెప్పినారు? ఆ రోజు ఈడ ఒంటరిగా ఉన్న యేసేపు చెప్పినాడు.” పెట్టె టక్కున మూశాడు. “నా కేసుకు మీరే మేలు చేసినారమ్మా. థాంక్స్.”

నా సాక్ష్యంతోనే నా మనిషిని కట్టేశాడు. నాకు ఏడుపు రాదు, కోపమే వస్తుంది.

“చెప్పాల్సిన పనేముంది? కప్పే గుడ్డ మీద ఒక బక్కెట్టు నీళ్ళు పోస్తే చాలు, కారుతుందో లేదో తెలుస్తుంది. ఏ మేస్త్రీ అయినా పోస్తాడు.”

“అయితే సర్కారు మేస్త్రీ ఎందుకు పోయలేదు?”

“నిన్న సర్కారు యార్డుకు ట్రంకాల్ చేశాను, పోశామనే అంటున్నారు. కారిందని, ఏం చేయమంటారని ఈ షెడ్డుకు ఉత్తరం రాశామనీ అంటున్నారు.”

“కాపీ?”

“ఫైల్లో ఉందట.”

“ఫైలు?”

“ఢిల్లీకి వెళ్ళిందట.”

“రాసిన ఆఫీసరు?”

“బదిలీ అయ్యాడట.”

గౌడ మొదటిసారి నవ్వాడు. “సర్కారు పని అంటే ఇట్లుంటాది. వాళ్ళకు పందొమ్మిది నెలలు ఎందుకు పట్టిందో ఇప్పుడు తెలిసిందా?”

“మీరూ సర్కారు మనిషే కదా.”

“అందుకే నాకు తెలుసు.”

“పదకొండు నెలల వాళ్ళు ఇంజను దగ్గర్నుంచీ మరమేకుల దాకా విదేశాల నుంచి తెప్పించి బిగించారు. అది ఆగిపోతే మళ్ళీ విదేశాలకే రాయాలి. పందొమ్మిది నెలల వాళ్ళు అరవైమంది కొత్తవాళ్ళకు పని నేర్పి కట్టించారు. అది లెక్కలోకి రాదా?”

“ముందు నీళ్ళు తోడనీండి, తర్వాత లెక్క చూద్దాం. ఆ ఉత్తరం చూపించండి, యేసేపును ఇప్పుడే వదుల్తా. సర్కారు వాళ్ళు ఎవరూ చెప్పకుండానే బక్కెట్టుతో కనుక్కున్నారంటే ప్రైవేటోళ్ళకూ ఎవరూ చెప్పాల్సిన పని లేదు. న్యాయం నాకూ తెలుసు. కాని కాగితం లేదు. కాగితం లేకుంటే నాలుగున్నర రైలు.”

అప్పుడు గోనె మీంచి పెద్దయ్య గొంతు వినిపించింది.

“సింగాల బొమ్మ ఉండే కవరేనా సామీ?”

ఇద్దరం అటు తిరిగాం.

“ఎండాకాలంలో ఒకటి వచ్చినాది. మూడు సింగాల బొమ్మ, ఇంగిలీసు. మాకెవరికి వస్తాది సదువు? ఇంగిలీసు కాయితం ఏదొచ్చినా ఆదోని పోయి ప్లీడరు సామికి ఇస్తాం. ఆయప్ప సదివి సెప్తాడు. ఆ పొద్దు సెలవులకని కోర్టు మూస్తాండారు, శానా జనం. ఇచ్చి వచ్చినా. మల్ల ఆయప్ప ఏం సెప్పలే. ఏం లేదేమోలే అనుకున్యాం.”

“ఏ ప్లీడరు?” గౌడ అడిగాడు. ఆయనకు జవాబు తెలుసు. పెద్దయ్య నోట వినాలని ఉంది, అంతే.

“ఈయమ్మ ఇంటాయనే సామీ.”

“జీపులో చోటుందమ్మా,” అన్నాడు గౌడ ఎంతో మర్యాదగా.

ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. మనసులో మాత్రం మా ఆయనతో చాలా మాట్లాడాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ జేబు మింగినవన్నీ వరసపెట్టి చెప్పాను. ఒక చోట టైరు దిగిపోయింది. అతుకు వేయించేసరికి గంటన్నర. ఇంటి ముందు దిగేసరికి రెండూ నలభై.

వీరమ్మ అరుగు మీదే ఉంది. నా మొహం చూసి పక్కకు జరిగి దారిచ్చింది.

మా ఆయన కోర్టు నుంచి భోజనానికి వచ్చి, తిని, కోటు తొడుక్కుని మళ్ళీ బయల్దేరబోతున్నారు.

“సింహాల బొమ్మ కవరా?” అన్నారు. “ఇచ్చాడు. గుర్తుంది. కోర్టు మూసిన రోజు. జేబులో పెట్టాను. ఇంటికొచ్చి చూస్తే లేదు. పెద్దయ్యే మళ్ళీ తీసుకున్నాడేమో అనుకున్నాను.”

“అనుకున్నారు!” అన్నాను. “ఒక మనిషి జైలుకు పోతున్నాడు, మీరు అనుకున్నారు!”

“నువ్వు ఇల్లు దులిపేటప్పుడు పారేసి ఉంటావు.”

“చూశారా గౌడగారూ? ముద్దాయి సిద్ధంగా ఉంది.”

“భార్యాభర్తల కేసు నా స్టేషన్ పరిధిలోకి రాదు,” అని గౌడ గడియారం చూసుకున్నాడు. “మూడు కావస్తాంది. ఉత్తరం లేదు. ప్లీడరుగారూ, మీరు నాతో స్టేషనుకు వచ్చి, పోగొట్టినానని రాసివ్వాల్సి ఉంటాది.”

“పదండి, రాసిస్తాను,” అని మా ఆయన విసురుగా గుమ్మం వైపు నడిచారు.

కర్. కర్. కర్.

నేను ఆ చప్పుడు నెలన్నరగా వింటున్నాను. ఆ రోజే విన్నాను.

కొత్త గుడ్డ అలా మోగదు. గుడ్డ ఎంత గట్టిదైనా రాపిడి చప్పుడు చేస్తుంది, కరకరమనదు. కరకరమనేది కాగితం.

ఆ క్షణంలో ఆ గదిలో సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కుట్టేటప్పుడు పాత అస్తరు కింద వేళ్ళకు ఏదో గట్టిగా తగలడం గుర్తొచ్చింది. బిగువు కోసం దర్జీ వేసిన బక్రం గుడ్డ అనుకున్నాను. విప్పి చూడడానికి బద్ధకించి, దాని మీదే కొత్త అస్తరు పరిచి, ఎన్నేళ్ళైనా ఊడకుండా రెండు వరసల కుట్టు వేశాను. పైగా ఆ కుట్టు చూసి మురిసిపోయాను.

“ఆగండి,” అన్నాను. “కోటు విప్పండి.”

కత్తెర తెచ్చాను. నా కుట్టు నాకే లొంగలేదు. రెండు వరసలు కదా. అస్తరు చీలింది, దాని కింద పాతది, ఆ రెండింటి కిందా, జేబు చిరుగులోంచి జారి అంచు దాకా దిగిపోయిన కవరు. సింహాలు చక్కగా ఇస్త్రీ అయి ఉన్నాయి.

మా ఆయన చదివి, గౌడ కోసం, అరుగు మీది మనిషి కోసం తెలుగులో చెప్పారు.

“మీరు పంపిన కాన్వాసు మీద రెండు బక్కెట్ల నీళ్ళు పోసి పరీక్షించితిమి. నలభై నిమిషములకు కారినది. మరియొక తడుపు వేయుటకు నూనె, మనుషులు మా వద్ద కలరు. పదిహేను దినములలో మీ అంగీకారము తెలిపినచో వేసెదము. తెలుపని యెడల ఉన్నదానిని ఉన్నట్లే వాడవలసి యుండును.”

గౌడ ఉత్తరం తీసుకుని ముద్ర చూశాడు, తారీఖు చూశాడు. పరీక్షకు రెండు నెలల పైచిలుకు ముందుది.

“బక్కెట్టు,” అన్నాడు తనలో తాను.

“ఇద్దరూ అదే బక్కెట్టు పోశారు,” అన్నాను. “ప్రైవేటు వాళ్ళు పని చేసి రాయలేదు. సర్కారు వాళ్ళు రాసి, పని చేయలేదు. మధ్యలో మా యేసేపుకు సంకెళ్ళు.”

గౌడ చొక్కా జేబులోంచి యేసేపును తీసుకెళ్ళడానికి రాయించిన రైలు వారెంటు తీసి, నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తన అరెస్టు తప్పని ఆయన అనలేదు. పదవీ విరమణ దాకా అనడు. “పెద్దయ్య వాంగ్మూలం రాయించి, సాయంత్రానికి మనిషిని ఇంటికి పంపుతా,” అని మాత్రం అన్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. “అయితే ప్లీడరుగారి జేబు చిరుగు వల్ల ఇంత పని జరిగిందన్నమాట. నా రిపోర్టులో అట్లే రాయాలి గదా?”

మా ఆయన తల వంచుకుని నిలబడ్డారు. చిరుగు ఆయనదే. మరిచిపోయినదీ ఆయనే. రాస్తే అబద్ధమేం కాదు. ఆ మాట మీద బతికినంత కాలం ఆయన్ని సాధించవచ్చు. నా నోరు ఊరిందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

అప్పుడు వీరమ్మ లేచి, పొద్దుటి నుంచి దాటని గడప దాటి లోపలికి వచ్చింది. బల్ల మీద చీరిన కోటును, గౌడ చేతిలోని కాగితాన్ని మార్చి మార్చి చూసింది.

“ఆ కాయితం ఇన్నాళ్ళూ యాడుండెనమ్మా?”

అడగడంలో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. కత్తెర ఇంకా నా చేతిలోనే ఉంది. గౌడ పెన్సిలు తీసి సిద్ధంగా ఉన్నాడు.

“ఆయన జేబులోంచి జారింది, నిజమే. కానీ దాన్ని లోపల పెట్టి కుట్టేసింది నేను. చేతికి తగిలింది. చూడలేదు. కోటు మోగుతోందని ఆయన నెలన్నర చెప్పారు. వినలేదు. గౌడగారూ, రాసుకోండి,” అన్నాను. “తప్పు నాది వీరమ్మా.”